శుక్రవారం లోగా

టే నది మీద పొగమంచు ఇంకా లేవలేదు.
ఫ్రిజ్ తలుపు మీద, సీల్ బొమ్మ అయస్కాంతం కింద
నర్సరీ వాళ్ల కాగితం.
ఒక సీటు ఖాళీ అయిందట.
శుక్రవారం లోగా చెప్పాలట.
ఇవాళ బుధవారం.

ఇన్నిస్‌కి రెండేళ్ల నాలుగు నెలలు.
వాడి ఒక బూటు దొరికింది, ఇంకోటి దొరకలేదు.
సాక్సుతోనే ఎత్తుకుని
డండీ ఎత్తు వీధి ఎక్కాను, రోనా ఇంటికి.
తలుపు తీయగానే మాడిన రొట్టె వాసన.
రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు.
ముసలి కుక్క తోకతో నేలని రెండుసార్లు కొట్టి
తన వంతు అయిపోయినట్టు పడుకుంది.
వాడు నా మెడ ఎప్పుడు వదిలాడో
నాకు తెలియనే తెలియదు.

పద్నాలుగు నెలలుగా
వాడి పగళ్లన్నీ ఆ వంటింట్లోనే.
మొదటి అడుగూ అక్కడే వేసి ఉంటాడు.
రోనా చెప్పలేదు.
ఓ శనివారం మా ఇంట్లో వాడు నడిస్తే
ఏడుస్తూ ఆమెకి ఫోన్ చేశాను.
"అవునా! మొదటిసారా!" అంది.
అబద్ధం ఆడటం రాదు ఆమెకి.
ఆ "అవునా" ఒక్క క్షణం ఆలస్యమైంది.
ఆ క్షణానికి నేనింకా బాకీ.

మరి మార్చడం ఎందుకంటాడు స్ట్రూవన్,
నిజంగా అడుగుతున్నాడో
నాతో చెప్పించాలనో.
ఎందుకంటే రోనాకి మోకాళ్లు.
ఎందుకంటే ఫిబ్రవరిలో ఆమెకి జ్వరమొస్తే
ఆసుపత్రి లాండ్రీకి నాలుగు రోజులు సెలవు పెట్టాను,
సూపర్‌వైజర్ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.
ఎందుకంటే ఆమె దగ్గరున్న మిగతా ఇద్దరూ బడికెళ్లే పిల్లలు,
మూడింటిదాకా వీడికి తోడు కుక్కే.
ఎందుకంటే, ఇది మాత్రం పైకి అనను,
ఓ రాత్రి నిద్రలో వాడు "ఓనా" అని పిలిచాడు.
లేచి వెళ్లింది నేను.
నన్ను చూసి సర్దుకున్నాడు,
బస్సు తప్పినవాడు తర్వాతి బస్సుతో సర్దుకున్నట్టు.

నర్సరీ చూడ్డానికి వెళ్లాం పోయిన వారం.
కొత్త రంగు వాసన.
పదహారు కొక్కేలు, ఒక్కోదాని మీద ఒక్కో జంతువు.
ఖాళీగా ఉన్నది ముళ్లపంది.
"ఇది మీవాడిదవుతుంది" అంది ఏలీ అనే అమ్మాయి,
అప్పుడే అయిపోయినట్టు.
ఏం తిన్నాడో, ఎన్ని నిమిషాలు పడుకున్నాడో
ఫోన్‌కి మెసేజ్ వస్తుందట.
రోనా దగ్గర ఆ లెక్కలుండవు.
"బానే తిన్నాడు." అంతే.
బానే అంటే ఎంతో ఇన్నాళ్లలో నాకు తెలీలేదు.
బరువు మాత్రం పెరిగాడు.

నీళ్ల తొట్టి దగ్గర ముగ్గురు పిల్లలు.
వాడు వెనక్కి చూస్తాడని
కోటు విప్పకుండా నిలబడ్డాను.
చూడలేదు.
చేతులు మోచేతులదాకా తడుపుకుని
ఓ పిల్లకి గరాటు అందించాడు.
ఆ పిల్ల తీసుకోలేదు.
మళ్లీ అందించాడు.
బాగుంది కదా, అనుకున్నాను.
లోపల ఏదో కలుక్కుమంది కూడా.

నిన్న సాయంత్రం రోనాకి చెబుదామని ముందే వెళ్లాను.
నేను నోరు తెరవకముందే
"కాగితం వచ్చిందిగా" అంది.
ఈ వీధిలో ఉత్తరాలకి కవర్లుండవు.
"ఇరవైమూడుమందిని పెంచాను.
అందులో ఒకడు ఇప్పుడు నా బాయిలర్ బాగుచేస్తాడు.
నన్ను గుర్తుపట్టడు."
"డబ్బులు తీసుకుంటాడా?"
"పైసా తగ్గించడు."
ఇద్దరం నవ్వాం, కుక్క లేచి చూసేంతగా.
ఉండమనలేదు. వెళ్లమనలేదు.
గిన్నె తుడుస్తూ,
"పాలు ఆకుపచ్చ కప్పులో అయితేనే తాగుతాడు,
ఎవరికైనా చెప్పాల్సొస్తే చెప్పు" అంది.
ఇంట్లో నీలం కప్పులో తాగుతాడని
నేను చెప్పలేదు.

రాత్రి, వాడు పడుకున్నాక
కాగితం కిందకి దించాను.
నింపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు కదా.
పేరు. పుట్టిన తేదీ. పడనివి: స్ట్రాబెర్రీలు.
మీరు అందకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?
పెన్ను ఆగలేదు.
రోనా నంబరు చూడకుండానే రాశాను.
పక్కన ఇంకో గడి:
పిల్లవాడికి ఏమవుతారు?

స్ట్రూవన్ పెట్టిన టీ చల్లారింది.
సోఫా కింద రెండో బూటు దొరికింది.
గడి అలాగే ఉంది.
రేపింకా గురువారమే.